బి.యస్సి. పట్టా విలువ యెంత?

(సింధనూరులో జరిగిన మన సంఘ విద్యార్థి సన్మాన సభలో చేసిన ప్రసంగ పాఠము)



విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము పదవ తరగతితో చదువు చాలించి అంగడి గద్దె యెక్కినవారము. విద్యనుగూర్చి పండితులు చెప్పవలసిన మాటలు మేము చెప్పజాలము. లెక్కనుగూర్చి మాత్రము చెప్పగలము. కావున మన పిల్లలు పలువురు చదువుచున్నట్టియు, మన పెద్దలు పలువురు చులకనగా చూచుచున్నట్టియు ఒక పట్టాను, అనగా రసాయనశాస్త్రముతో కూడిన బి.యస్సి. పట్టాను, నేడు వర్తకుని చిట్టాలోనికి తెచ్చి, దాని జమ యెంత, ఖర్చెంత యని చూడ సంకల్పించితిమి.

ఈ విషయమునే యేల యెన్నుకొంటిమనిన, కారణము కలదు. మన సంఘ విద్యానిధిని ఎవ్వరికి పంచవలెనను చర్చ ఇటీవల కార్యవర్గములో వచ్చినది. "ఇంజనీరింగు, వైద్యము చదువువారికే యిత్తము, బి.యస్సి. వానికిచ్చిన రూపాయి బూడిదలో పోసిన పన్నీరు" అని ఒక పెద్దమనిషి అనెను. ఆయనను మేము తప్పు పట్టము. ఏలయన, కొన్ని యేండ్ల క్రిందట అదే మాట మా నోటనే వచ్చినది. అదియును మా యింటి పిల్లనుగూర్చియే వచ్చినది. ఆ మాటకు మేము చెల్లించిన మూల్యమును మీ ముందుంచుటయే నేటి మా ప్రసంగము.

మన పెద్దల తప్పు కూడ ఇందులో కొంత మాత్రమే. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విడిపోయినప్పుడు మన రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరెను. అంతవరకు ఈ జిల్లాలోనివైన గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోయెను. అంతకు పూర్వము పై చదువనగా ఉస్మానియాయే. 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయము ఏర్పడువరకు ఈ ప్రాంతమునకు తనదైన విశ్వవిద్యాలయము లేదు. తుంగభద్ర యెడమ కాలువ నీరు పారిన తరువాత కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులలో స్థిరపడిన మన సోదరులు నల్లరేగడిని చదును చేసి వరి పండించుటలోనే ఒక తరమును వెచ్చించిరి. మావంటి పాత అంగళ్లవారికి తక్కెడయే గ్రంథము. భూమి గలవానికి భూమి, అంగడి గలవానికి అంగడి పట్టాతో సమానముగా నుండెను. కావున కళాశాల చదువును ధనముగా లెక్కించు అలవాటు మనకు రాలేదు. పెండ్లి శుభలేఖలో పేరు ప్రక్కన వ్రాయించుకొను భూషణముగా మాత్రము అలవడినది.

ఇక మా కథ. మాది ఎరువుల, పురుగుమందుల అంగడి. మా అన్నగారి కుమార్తె రాయచూరులో వసతిగృహమున నుండి రసాయనశాస్త్రము, వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము చదివి 2016లో బి.యస్సి. ఉత్తీర్ణురాలయ్యెను. అదే కాలమున మా వృత్తికి ఒక గండము వచ్చినది. 2015లో కేంద్ర ప్రభుత్వము క్రిమిసంహారక మందుల నియమములను సవరించి, ఆ మందులమ్మువారికి వ్యవసాయశాస్త్రములోగాని, జీవరసాయనము, జీవసాంకేతికము, జీవశాస్త్రములలోగాని, రసాయన వృక్ష జంతు శాస్త్రములలో ఒకటి గల విజ్ఞానశాస్త్రములోగాని పట్టా ఉండవలెనని విధించెను. ఎరువుల విక్రయమునకును ఆ సంవత్సరమే అటువంటి నిబంధన వచ్చినది. అందు పేర్కొన్న పట్టాలలో రసాయనశాస్త్రపు బి.యస్సి. ఒకటి. పాత లైసెన్సుదారులకు మొదట రెండేండ్ల గడువిచ్చిరి, తరువాత పొడిగించిరి, ఆపైన చిన్న శిక్షణలతో సరిపెట్టుకొను మార్గమును చూపిరి. కాని ఆనాడు మాకు ముందు దారి తెలియదు. ఇరువది యేండ్లు అదే గద్దెమీద కూర్చుండి వ్యాపారము చేసినవారము, పదవ తరగతివారము, ఒక్క దినమున అనర్హులమైతిమి.

అప్పుడు బజారులో కొత్త దళారులు పుట్టిరి. వారు సరుకు తేరు, పట్టాలు తెత్తురు. ఎక్కడనో బి.యస్సి. చదివి ఇంట కూర్చున్న కుఱ్ఱవాని పట్టా నకలును తెచ్చి అంగడి గోడకు వ్రేలాడదీయించి, యేటికి 8,000 రూపాయలు బాడుగ యడిగిరి. పట్టా గలవాడు అంగడి ముఖమైనను చూడడు. మాకు ఆ 8,000 కూడ దండుగయని తోచినది. ఇంటిలోనే పట్టా యుండగా బయటివానికి బాడుగ యేల? అన్నగారినడిగి, ఆ పిల్ల పట్టాకు చట్రము కట్టించి, లైసెన్సు ప్రక్కన గోడకు తగిలించితిమి. ఆ పిల్లను మాత్రము ఇంటనే యుండుమంటిమి. "ఆడపిల్ల పురుగుమందుల అంగడిలో నేల కూర్చుండవలెను? నీ చదువు నీ చదువే, మా వ్యాపారము మా వ్యాపారమే" అంటిమి. 2017, 2018, 2019, ఈ మూడేండ్లు ఆమె కాగితము మా గోడమీదను, ఆమె మాత్రము వంటయింటిలోను ఉండిరి.

ఆ చట్టము అడిగినది కాగితమును కాదు, మనిషిని. రైతుకు ఏ మందు, ఎంత మోతాదున, ఎట్లు వాడవలెనో తెలిసిన మనిషి అంగడిలో ఉండవలెనని దాని భావము. మేము కాగితము చూపి మనిషిని దాచితిమి. సభలో నిలిచి ఇది చెప్పుట మాకు సుఖము కాదు. కాని చెప్పక తప్పదు, ఏలయన ఈ సభలో కూర్చున్న మా తోటి వర్తకులలో కొందరి గోడలను కూడ మేము చూచితిమి.

2019 చివరలో ఒకనాడు ఆ పిల్ల భోజనపు డబ్బా తెచ్చి యిచ్చుటకు అంగడికి వచ్చెను. ఆ సమయమున దానిమ్మ తోట గల రైతొకడు నిలిచియుండెను. తెగులుకు మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమును, పురుగుకు మలాథియానును ఒకే పీపాలో కలిపి ఒక్కమారే కొట్టుదునని, కూలి కలిసివచ్చునని అతడనెను. మేము రెండును కట్టి యిచ్చుచుంటిమి. ఆ పిల్ల డబ్బా బల్లపై నుంచి, "చిన్నాయనా, ఆ రెండును కలిపిన మందు చచ్చును, పురుగు బ్రదుకును" అనెను. మాకు కోపము వచ్చినది. రైతు మాత్రము, "సావుకారూ, ఆ తల్లిని చెప్పనిండు" అనెను. సున్నముతో నీరు క్షారమగుననియు, మలాథియాను వంటి మందులు క్షారమున విరిగి పనికిమాలినవగుననియు, ఒకటి కొట్టిన కొన్ని దినములకు రెండవది కొట్టవలెననియు ఆమె వివరించెను. ఆ రైతు ఆనాడు ఒక్క మందే కొనిపోయెను. మాకు ఆనాటి గిరాకి తగ్గినది. కాని పదునైదు దినములలో అతడు తన ఊరివారిని నలుగురిని వెంటబెట్టుకొని వచ్చి, మమ్ము దాటి లోపలికి చూచి, "ఆ తల్లి లేదా?" అని యడిగెను.

ఆ రాత్రి మేము గోడమీది చట్రమును చూచుచు లెక్క వేసితిమి. ఆ లెక్కనే మీకు చెప్పుచున్నాము. విద్యార్థులు కాగితముమీద వ్రాసికొనవచ్చును.

మా అన్నగారు మూడేండ్లలో రుసుములకు, వసతికి, పుస్తకములకు పెట్టిన ఖర్చు 1,50,000 రూపాయలు. దళారి చెప్పిన బాడుగ యేటికి 8,000. అనగా నూటికి యేటికి అయిదు రూపాయల చిల్లర. అదే సొమ్మును నెలకు నూటికొక్క రూపాయి వడ్డీకి త్రిప్పిన యేటికి 18,000 వచ్చును. కాగితముగా బాడుగకిచ్చిన పట్టా అప్పుపత్రముకన్న తక్కువ ఫలమునిచ్చినది.

ఆ మరుసటి నెలనుండి ఆమెను అంగడిలో కూర్చుండబెట్టి నెలకు 14,000 జీతమిచ్చితిమి, యేటికి 1,68,000. "ఒక్క యేడాదిలోనే పెట్టుబడి తిరిగి వచ్చెను గదా!" అని మీరందురు. అది కాకిలెక్క. పట్టా లేని కుఱ్ఱవానికి అదే అంగడిలో మేము 9,000 ఇచ్చుచుంటిమి. కావున పట్టావలన వచ్చిన అధికాదాయము నెలకు 5,000, యేటికి 60,000 మాత్రమే. మరియు ఆమె చదివిన మూడేండ్లును కూలికి వచ్చియుండిన 3,24,000 సంపాదించియుండును. దానిని కూడ పెట్టుబడిలోనే వ్రాయవలెను. మొత్తము పెట్టుబడి 4,74,000. దానిమీద యేటికి 60,000 అనగా నూటికి పండ్రెండున్నరకు కొంచెము పైన. నెలకు నూటికి రూపాయి వడ్డీకి మించినది. కాని మహాధనము కాదు. మనిషిని పనిలో పెట్టినప్పుడు ఈ మాత్రము. మనిషిని దాచి కాగితమును బాడుగకిచ్చినప్పుడు ఇదే పెట్టుబడిమీద నూటికి రెండు రూపాయలైనను లేదు. ఈ రెండు అంకెల నడుమ నున్న అంతరమే మేము నేడు చెప్పదలచినది.

ఈ లెక్కలోనికి రాని జమ కూడ కలదు. సంచులమీది అంకెలను మేము ఇరువది యేండ్లు చదివితిమి. వాని యర్థము తెలియదు. యూరియా సంచి 45 కిలోలు. అందు నత్రజని నూటికి 46, అనగా సంచికి 20 కిలోల 700 గ్రాములు. ఇంతవరకు మాకును తెలియును. కాని 10-26-26 అను సంచిలో 26 పాళ్లు భాస్వరమని రైతులకు చెప్పి యమ్మితిమి. అది భాస్వరము కాదట, భాస్వరపు పెంటాక్సైడట. అందు అసలు భాస్వరము నూటికి పదునొకటి చిల్లర మాత్రమేనట. అట్లే కాలువ చివరి పొలములలో తెల్లగా పొర కట్టిన నేల అంతయు ఒకటియే యనుకొంటిమి. కొన్నిట ఉప్పు ఎక్కువ, మంచినీరు పారించి మురుగు తీసిన చాలును. కొన్నిట సోడియము మట్టికి పట్టుకొనియుండును, అచ్చట జిప్సము వేసిన అందలి సున్నపు ధాతువు సోడియమును త్రోసివేయును. ఈ భేదము తెలియక మేము జిప్సము అక్కఱలేని పొలమునకును అమ్మితిమి. మట్టి పరీక్ష చేయించి రమ్మని ఆ పిల్ల రైతులను త్రిప్పి పంపుట మొదలుపెట్టిన తరువాత మా అంగడి అమ్మకము కొన్ని సరకులలో తగ్గెను, నమ్మకము మాత్రము పెరిగెను. అప్పు వసూలుకు నమ్మకముకన్న మంచి గుమాస్తా లేడని వర్తకులకు మేము చెప్పనక్కఱలేదు.

సోదరులారా, ఈ విద్యకు గిరాకి ఎరువుల అంగడిలో మాత్రమే లేదు. మన జిల్లా చుట్టును కలదు. లింగసుగూరు తాలూకాలోని హట్టి బంగారు గనిని తలచుకొనుడు. బంగారు గనులలో టన్ను రాతికి కొన్ని గ్రాముల బంగారము దొరకిన గొప్ప. రాతిని పిండిచేసి సైనైడు ద్రావణముతో బంగారమును కరగించి తీయు పద్ధతి 1887లో గ్లాస్గో నగరమున పుట్టినది. ఏ రాతిలో బంగారమెంత కలదో పరీక్షించి చెప్పువాని మాటమీదనే ఏది మరకు పోవలెనో, ఏది దిబ్బకు పోవలెనో తేలును. కృష్ణ యొడ్డున శక్తినగరములో 1985 నుండి నడచుచున్న విద్యుత్కేంద్రమున నీటిని పరీక్షించు రసాయనజ్ఞుడు ఏమరిన, నీటిలోని సిలికా ఆవిరితో పోయి టర్బైను రెక్కలకు పొరగట్టును. అచ్చటికి సింగరేణి మొదలగు గనులనుండి వచ్చు బొగ్గుకు ధర బరువునుబట్టి మాత్రమే కాదు, దానిలోని వేడిమినిబట్టి నిర్ణయమగును. ఆ వేడిమిని కొలుచువాడును ప్రయోగశాలలోనివాడే.

దూరమేల? మన సింధనూరు, మానవి బియ్యపు మిల్లుల తవుడును చూడుడు. వడ్లు దంచి తవుడు వేరైన గడియనుండియే అందలి లైపేజు అను పదార్థము నూనెను విఱుచుట మొదలుపెట్టును, ఆమ్లము పెరుగును. తవుడు నాలుగు దినములు గోనెలలో నిలిచిన, కొనువాని ప్రయోగశాలలో ఆమ్లపు అంకె పైకి పోవును, మన ధర క్రిందికి వచ్చును. పరీక్ష వారిది, అంకె వారిది, కోత మనది. ఆ పరీక్షను మన వైపునుండియు చేయగలవాడు మిల్లులో ఒక్కడున్న, బేరమునకు మనకును నోరుండును. ఆ పరీక్ష బి.యస్సి. విద్యార్థి కళాశాలలో బ్యూరెట్టుతో చేయు అభ్యాసమువంటిదే యని మా అన్నగారి కుమార్తె చెప్పెను. మన మిల్లు యజమానులు దీనిని ఆలోచింతురుగాక.

ఇక ఔషధ కర్మాగారములు. రాత్రి బస్సెక్కిన తెల్లవారునప్పటికి హైదరాబాదు చేరుదుము. అచ్చట 1960ల దశకమున కేంద్ర ప్రభుత్వపు ఐ.డి.పి.ఎల్. కర్మాగారము వెలసినది. 1970 నాటి పేటెంటు చట్టము మందునకు కాక మందు చేయు విధానమునకే పేటెంటునిచ్చుటచేత, కొత్త విధానము కనుగొనగల రసాయనజ్ఞునికి విలువ కలిగినది. 2005లో ఆ చట్టము మారినను, అప్పటికి పరిశ్రమ నిలదొక్కుకొన్నది. ఆ పరిశ్రమను పెంచినవారిలో ముఖ్యులైన కల్లం అంజిరెడ్డిగారు పసుపు పండించు రైతు కుమారులు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో 1958లో బి.యస్సి. ముగించిరి. ఆ తరువాత బొంబాయిలో ఔషధ సాంకేతిక విద్య చదివిరి, పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో 1969లో డాక్టరు పట్టమునందిరి, ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చిరి. 1984లో తమ పేర సంస్థను స్థాపించిరి. మన పిల్లలకు ఆయన పేరు చెప్పువారు 1958ని, 1984ని చెప్పుదురు. నడుమనున్న ఇరువదియారేండ్లను చెప్పరు. విలువ పెరిగినది ఆ నడుమనే.

కర్మాగారములలో కష్టము లేదని మేము చెప్పము. అచ్చట చేరిన మన క్యాంపుల పిల్లలు మాతో చెప్పినదానినిబట్టి, మొదటి యేడాది జీతము మన ఊరి తాపీమేస్త్రి నెల సంపాదనకన్న తక్కువగా నున్న సందర్భములు కలవు. రాత్రి పాళీలు, ద్రావకముల వాసన, ఇంటి అద్దె ఉన్నవి. కళాశాలలో బ్యూరెట్టు పట్టినవానికి అచ్చటి హెచ్.పి.ఎల్.సి. యంత్రము కొత్త, అది నేర్చువరకు అతడు సగము కూలివాడే. ప్రమాదమును కూడ మరువరాదు: 2025 జూన్ 30న హైదరాబాదు సమీపమున పాశమైలారములోని ఔషధ సంబంధమైన కర్మాగారమున జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా మరణించిరి. మన జిల్లా సరిహద్దునకు దాపుననే యాదగిరి జిల్లా కడేచూరు పారిశ్రామిక వాడకు అటువంటి కర్మాగారములు వచ్చినవి. వానితోపాటు గాలి, నీరు చెడుచున్నవను గ్రామస్థుల మొరయు వచ్చినది. ఉద్యోగము చూచుకొను పిల్లవాడు జీతమెంతయని మాత్రమే కాక, ముఖమునకు కట్టుకొనుటకు ఏమిత్తురు, ప్రమాదమున బయటికి దారి యెక్కడయని కూడ అడుగవలెను. ఆ ప్రశ్న అడుగుటకును రసాయనశాస్త్రమే తోడు.

కనుక ఈ పట్టాను దేనితో పోల్చవలెను? మనకు తెలిసిన పోలిక వడ్లు. వడ్లకు ధర కలదు. కాని అన్నము కాదు. మిల్లుకు పోయి పొట్టు వదలి బియ్యమైనప్పుడు ధర మారును. బి.యస్సి. వడ్లవంటిది. దానికి మిల్లులు పెక్కు కలవు. బి.ఇడి. చదివి అర్హతా పరీక్ష నిలిచిన ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధింపవచ్చును. యం.యస్సి. చదువవచ్చును, ఐ.ఐ.టి.లలో యం.యస్సి. ప్రవేశమునకు జామ్ అను పరీక్ష కలదు. ఆహార భద్రతా చట్టము క్రింద ఆహార విశ్లేషకుడగుటకు రసాయనశాస్త్రపు బి.యస్సి. చాలదు; యం.యస్సి.యు, మూడేండ్ల అనుభవమును, పరీక్షయు కావలెను. పట్టా తరువాత అప్రెంటిసుగా చేరిన, 2019 నాటి నియమములు పట్టభద్రునికి నెలకు 9,000 రూపాయలకు తగ్గని భత్యమును నిర్ణయించినవి. చిన్న సొమ్మే, కాని ఆ యేడాది యంత్రము చేతికి వచ్చును. పట్టా లేని మావంటి అంగడివారికి కూడ ఒక దారి కలదు: హైదరాబాదులోని మేనేజ్ అను కేంద్ర సంస్థ 2003లో ఆరంభించిన దేశి అను డిప్లొమా, 48 వారముల పాఠ్యక్రమము. మేము ఇప్పుడు అందు చేరితిమి. ఈ వయస్సున పలకా బలపమా యని నవ్వినవారు నవ్విరి.

విద్యార్థులకు మరి మూడు మాటలు. మొదటిది, మీరు మూడు భాషల నడుమ పెరిగినవారు. ఇంట నత్రజని, బడిలో కన్నడమున సారజనక, కళాశాలలో నైట్రోజన్. ఒకే వాయువు మిమ్ము మూడు పేర్లతో బెదరించును. మా అన్నగారి కుమార్తె మొదటి సంవత్సరము ఇంగ్లీషు పాఠము తెలియక ఏడ్చినదట. తరువాత మూడు పేర్లను మూడు వరుసలుగా వ్రాసికొని ఒక నోటుపుస్తకము చేసికొన్నది. అదే నేడు అంగడిలో కన్నడ రైతుతోను, తెలుగు రైతుతోను, ఇంగ్లీషు చీటీతోను మాటలాడుటకు ఆస్తి యైనది. కన్నడమును చక్కగా చదువుడు. ఈ రాష్ట్రపు కొలువునకు కన్నడ పరీక్ష తప్పదు. రెండవది, రాజ్యాంగమున 98వ సవరణద్వారా చేరిన 371జె అధికరణమువలన మన ప్రాంతపువారికి ఉద్యోగములలోను, విద్యాలయములలోను స్థానములు కేటాయింపబడినవి. ఆ అర్హత పుట్టుకనుబట్టి, నివాసమునుబట్టి, మాతృభాషనుబట్టి కాదు. తెలుగువారము మాకేలయని యూరకుండక, ధ్రువపత్రమును ముందుగానే సంపాదించుకొనుడు. మూడవది, మన రాష్ట్రమున 2021లో నాలుగేండ్ల ఆనర్సు పద్ధతి వచ్చి, 2024లో మరల మూడేండ్ల పద్ధతి వచ్చినది. మీరు చేరిన సంవత్సరపు నియమము ఏదో కళాశాలలో అడిగి తెలిసికొని, పై చదువునకు అది సరిపోవునా యని చూచికొనుడు.

ఇప్పుడు సంఘమునకు మా మనవి. విద్యానిధిలో మూడవవంతును ఇంజనీరింగు, వైద్యము కాని సాధారణ పట్టాల విద్యార్థులకు కేటాయింపవలెను. దానిని కళాశాలలో చేరునాడు కాదు, పట్టా చేతికి వచ్చిననాడు ఈయవలెను: బి.ఇడి. రుసుమునకు, ప్రవేశ పరీక్షకు, అప్రెంటిసుగా పోయినవాని మొదటి మూడు నెలల అద్దెకు. వడ్లు ఇంటికి వచ్చినవి, మిల్లుకు బండి కట్టుటకు సొమ్ము లేక అవి పురుగు పట్టుచున్నవి. బండి బాడుగ మనమిత్తము. వడ్డీ లేని అప్పుగా నిచ్చి, జీతము వచ్చిన తరువాత కొంచెము కొంచెముగా తిరిగి తీసికొందము.

రెండవ మనవి వర్తక సోదరులకు. పట్టాను బాడుగకు తేవద్దు. ఎవ్వరి పట్టా మన గోడమీద కలదో ఆ మనిషి మన బల్లవద్ద కూర్చుండవలెను. వానికి జీతము చెక్కు రూపమున ముట్టవలెను. ఆడపిల్ల యైన, ఆమె కూర్చుండుటకు తగిన చోటు చేయుట మన పని. ఇంట నుంచుట కాదు. దీనిని సంఘము తీర్మానముగా చేసిన, మొదటి సంతకము మేము చేయుదుము.

మా అన్నగారి కుమార్తె మా అంగడిలో 2021 వరకు పని చేసెను. ఒకనాడు, "చిన్నాయనా, ఇచ్చట నేర్చుకొనవలసినది నేర్చితిని, నన్ను యం.యస్సి.కి పంపుడు" అనెను. ఆ సమయమునకే ఒక సంబంధము వచ్చియుండెను. వరుని తండ్రి పిల్ల బి.యస్సి. యని సంతోషించెను గాని, చదువు సాగునా యని యడుగగా, "పేరు ప్రక్కన అక్షరములు చాలును గదా" అనెను. మేమును ఒకనాడు గోడకు కాగితము చాలుననుకొన్నవారమే. కావున ఆ మాట మాకు వెంటనే తెలిసినది. ఆ సంబంధము వదలుకొంటిమి. ఆమె గుల్బర్గా పోయి 2023లో యం.యస్సి. ముగించి, నేడు హైదరాబాదున ఒక ప్రయోగశాలలో నున్నది. మేమిచ్చిన 14,000కు రెండింతలు దాటిన జీతము వచ్చుచున్నది.

ఆమె యం.యస్సి.కి పోవునాడు మేము చిట్టా తీసితిమి. మూడేండ్లు గోడమీద నున్న కాగితమునకు దళారి ధర ప్రకారము లెక్కించినను 24,000 అయినది. వడ్డీ కట్టి ఆమె చేతికిచ్చితిమి. ఆమె తీసికొననన్నది, "ఇంటి సొమ్మేగదా" అన్నది. దానము కాదు తల్లీ, బాకీ యని చెప్పితిమి. చిట్టాలో అట్లే వ్రాసితిమి. సొమ్ము చెల్లినది గాని, వంటయింటిలో పోయిన ఆ మూడేండ్లను జమ వేయుటకు మా చిట్టాలో పద్దు దొరకలేదు.

సభలోని తల్లిదండ్రులారా, మీ యింటిలోనైనను, అంగడిలోనైనను చట్రములో నున్న పట్టా ఒకటి ఉన్న, నేడు ఇంటికి పోయి దాని క్రింద నిలిచి, ఈ కాగితపు మనిషి ఎక్కడయని ఒక్కమారు ప్రశ్నించుకొనుడు.